ఒడ్డున ఎనిమిది గంటలు

శాన్ హువాన్ రేవులో ఓడ ఇంకా కదలలేదు. సామాను గదికి చేరలేదు. అయినా ఆ కుటుంబంలో చర్చ అప్పుడే ఆరంభమయింది. అల్లుడు అట్లాంటాలో ఇంటివద్దనే అచ్చు తీసి తెచ్చిన కాగితాల కట్ట మంచం మీద పరచి ఉన్నది. ఏడు రాత్రుల ప్రయాణం, ఐదు దీవులు, ప్రతి దీవికీ రెండు మూడు పేజీల నిండుగా విహారాల పట్టిక. కోటలు, జలపాతాలు, పడవ షికార్లు, పగడపు దిబ్బలు, అగ్నిపర్వతాలు, చెట్ల మీదుగా తీగపై జారే సాహసాలు. ఒక్కొక్క దానికి ఎదురుగా ఎన్ని గంటలో, ఎన్ని డాలర్లో రాసి ఉన్నది.

“మామయ్యగారూ, ఇందులో మీకు నచ్చినవాటి పక్కన గీత పెట్టండి. ఈ రాత్రికే ఖాయం చేసేద్దాం. ఆలస్యమైతే మంచివన్నీ నిండిపోతాయి,” అన్నాడు అల్లుడు.

మామగారు కళ్ళజోడు సవరించుకొని కలం తీశారు. కృష్ణా జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. ‘కోట’ అన్న మాట కనిపించిన చోటల్లా ఆయన కలం ఆగింది. సముద్రం ఉన్న చోటల్లా అల్లుడి వేలు ఆగింది. ఎనిమిదేళ్ళ మనుమడు డాల్ఫిన్ బొమ్మను వదలలేదు. కుమార్తె ధరలు కూడుతున్నది. నలుగురి చెప్పులూ గోడవారగా సర్దుతున్న ఇల్లాలిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదని ఆమెకూ తోచలేదు. కాశీ అయినా కన్యాకుమారి అయినా, ఎక్కడికి వెళ్ళాలన్నది మరొకరు నిర్ణయించడం, దారిలో ఏమి తినాలన్నది ఆమె చూసుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. 2025 జనవరిలో కుమార్తె, అల్లుడు కలిసి ఈ ప్రయాణం ఏర్పాటు చేసింది ఆ దంపతుల నలభయ్యో పెళ్ళిరోజు కానుకగానే.

విహారనౌకలో కరిబియన్ దీవులు చూడబోయే ప్రతి కుటుంబానికీ ఇటువంటి చర్చ తప్పదు. ఓడ రాత్రంతా ప్రయాణించి తెల్లవారేసరికి ఒక దీవిని చేరుతుంది. సాయంకాలానికి తిరిగి బయలుదేరుతుంది. నడుమ మిగిలేవి ఎనిమిది గంటలు, మహా అయితే తొమ్మిది. ఆ వ్యవధిలో ఒడ్డున చేసే పర్యటనను ఓడవారు ‘షోర్ ఎక్స్‌కర్షన్’ అంటారు. తెలుగులో తీరయాత్ర అనుకోవచ్చు. ఆ దీవికి మళ్ళీ జన్మలో వస్తామన్న నమ్మకం ఎవరికీ ఉండదు. అందుచేతనే ఏది వదులుకోవాలన్నా మనసొప్పదు.

ఈ వ్యాపారం వయస్సు ఏమంత ఎక్కువ కాదు. 1966 డిసెంబరులో ‘సన్‌వర్డ్’ అనే ఓడ మయామీ నుంచి బహామా దీవులకు విహారయాత్రలు ప్రారంభించింది. నేటి కరిబియన్ క్రూయిజ్ వ్యాపారానికి అదే నాంది అని చెబుతారు. ఆనాటి ఓడలు వందల మందిని మోసేవి. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ నిండుగా బయలుదేరితే అందులో 7,600 మంది యాత్రికులుంటారు. పెద్ద ఓడలు రెండు మూడు ఒకే ఉదయం ఒక చిన్న దీవి రాజధాని ముంగిట నిలిచాయంటే, మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో ఊరివారెందరో అతిథులూ అందరే. ఇంతమందినీ ఎనిమిది గంటల్లో తిప్పి తీసుకురావడం ఒక పెద్ద యంత్రాంగం. దాని సౌకర్యం కోసం దీవి ముక్కలుగా కోయబడి, ధర కట్టబడి, పట్టికలోకి ఎక్కుతుంది.

ఆ పట్టికను చదవడం ఒక విద్య. అందులోని మాటలకు నిఘంటువులో ఒక అర్థం, ఒడ్డు మీద మరొక అర్థం ఉంటాయి. ‘సుందరమైన మార్గంలో ప్రయాణం’ అంటే బస్సులో చాలాసేపు కూర్చోవాలి. ‘కొనుగోళ్ళకు అవకాశం’ అంటే అడిగినా అడగకపోయినా ఒక దుకాణం ముందు బస్సు ఆగుతుంది. ‘మితమైన శ్రమ’ అంటే మెట్లున్నాయి. ‘కఠిన శ్రమ’ అని ఉంటే మాత్రం ఆ మాటను అక్షరాలా నమ్మాలి. ‘నాలుగు గంటల విహారం’లో రాకపోకల కాలం ఎంత, గమ్యం దగ్గర నిలిచే కాలం ఎంత అన్నది విడదీసి చూసుకోవాలి. మెక్సికో తీరాన కోజుమెల్ దీవిలో దిగి తులుమ్‌లోని మాయా శిథిలాలు చూడదలచినవారు ముందు ఫెర్రీలో అవతలి ఒడ్డుకు, అక్కడినుంచి బస్సులో దాదాపు గంటసేపు ప్రయాణించాలి. తిరుగు ప్రయాణమూ అంతే. ఆ సంగతి తెలియనివారికి రోజు చివర గుర్తుండేది బస్సు కిటికీయే. అదే కోజుమెల్ దీవిలో ఇష్‌చెల్ దేవత పేరుతో ముడిపడిన శాన్ హెర్వాసియో శిథిలాలున్నాయి. అవి చిన్నవే కావచ్చు. తీరికగా చూడవచ్చు.

ఇంకొక ప్రశ్న, ఎవరితో వెళ్ళాలన్నది. ఓడవారు అమ్మే యాత్రలకు ధర ఎక్కువ. ఒక్కొక్కరికి నూరు డాలర్లు దాటేవి అరుదు కాదు. అయితే ఆ ధరలో ఒక హామీ దాగి ఉంది: వారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవుకే వెళ్ళకపోతే సొమ్ము తిరిగి ఇస్తారు. రేవు బయట నిలుచున్న టాక్సీవారితోనో, స్థానిక సంస్థతోనో సొంతంగా మాట్లాడుకుంటే ధర తగ్గుతుంది, బృందం చిన్నదవుతుంది, నచ్చినచోట ఆగవచ్చు. కానీ ఓడ ఆగదు. మిగిలిపోయినవారు తమ ఖర్చుతో విమానమెక్కి తరువాతి రేవుకు చేరవలసిందే. భారత పాస్‌పోర్టుతో ప్రయాణించేవారికి అది మరీ చిక్కు. ఒక్కొక్క దీవి వీసా నియమం ఒక్కొక్క రకం. మరొక మెలిక గడియారం. శీతాకాలంలో మయామీ కాలానికీ తూర్పు దీవుల కాలానికీ ఒక గంట తేడా ఉంటుంది. ఓడలోని కాలమే ప్రమాణమని తెలియక చేతిలోని ఫోనును నమ్మినవారు రేవు చివర నిలబడి పొగగొట్టం చూడవలసివస్తుంది.

ఇవన్నీ అల్లుడికి కంఠస్థమే. మొదటి మూడు దీవులకు అతడు ఓడవారి యాత్రలే ఖాయం చేశాడు.

సెయింట్ థామస్‌లో అందరూ పడవెక్కి పక్కనున్న సెయింట్ జాన్ దీవికి వెళ్ళారు. ఆ దీవిలో అధిక భాగం 1956లో ఏర్పడిన జాతీయ వనం. ఒంటికి పూసుకొనే సన్‌స్క్రీన్ లేపనాలలో పగడాలకు హాని చేసే కొన్ని రసాయనాలను 2020 నుంచి ఆ దీవులలో నిషేధించారు. పడవవాడు ప్రతి ఒక్కరి సీసానూ అడిగి చూశాడు. డెన్మార్క్ ఈ దీవులను 1917లో రెండున్నర కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మిందని మామగారు మనుమడికి చెప్పబోయారు. అప్పటికే వాడి ముఖం నీళ్ళలో ఉన్నది.

డాల్ఫిన్ సంగతి కుమార్తె తేల్చింది. తొట్టిలో పెంచిన ప్రాణి పిలిస్తే రావడం స్నేహం కాదని, ఆకలి అని కొడుక్కి చెప్పింది. వాడు ఒక పూట అలిగాడు. సహజంగా ఉన్నట్టు కనిపించే జంతువుల సంగతి కూడా అంత సులువు కాదు. గ్రాండ్ కేమన్ దీవి దగ్గర జాలరులు చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారవేసే చోట టెంకి చేపలు గుమిగూడేవి. తరువాత యాత్రికులే వాటికి మేత వేయసాగారు. సహజంగా రాత్రి తిరిగి వేటాడే ఆ చేపలు అక్కడ పగలు తిరగడం మరిగాయని పరిశోధకులు గుర్తించారు. ఓడలు వచ్చే వేళలే వాటికి భోజన వేళలయ్యాయి.

సెయింట్ కిట్స్‌లో మామగారి కోరిక నెగ్గింది. బ్రిమ్‌స్టోన్ హిల్ కోట నల్లరాతి కొండపై నిలిచి సముద్రాన్ని కాపలా కాస్తున్నట్టుంటుంది. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కట్టించింది బ్రిటిష్‌వారు. రాళ్ళు మోసి, కోసి, ఎత్తినది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. ఆ దీవిలో చెరకును ఎస్టేట్ల నుంచి రాజధానిలోని కర్మాగారానికి చేర్చేందుకు 1912, 1926 సంవత్సరాల మధ్య చిన్న రైలుమార్గం వేశారు. 2005లో చక్కెర పరిశ్రమ మూతపడింది. ఇప్పుడు అదే పట్టాల మీద యాత్రికుల రైలు నడుస్తున్నది. చెరకు పోయి మనుషులు ఎక్కారు. కోట మెట్లు దిగేటప్పుడు మామగారి కుడి మోకాలు మొరాయించింది. ఆయన పైకి చెప్పలేదు. ఇల్లాలు చూసి చేయి అందించారు.

డొమినికాలో అల్లుడు మరిగే సరస్సుకు పోదామన్నాడు. అడవుల నడుమ, ఆవిరి చిమ్ముతూ కుతకుతలాడే ఆ సరస్సు ప్రపంచ ప్రసిద్ధం. కానీ రానూ పోనూ కొండల్లో ఒక రోజంతా నడక. ‘కఠిన శ్రమ’ అన్న మాట మీద వేలుపెట్టి కుమార్తె భర్త వంక చూసింది. ఆ పథకం అంతటితో ముగిసింది. బదులుగా ట్రఫాల్గర్ జలపాతాలు చూశారు. వాహనం దిగి కొద్ది దూరం నడిస్తే చాలు. రెండు ధారలు పక్కపక్కన దూకుతాయి. ఎత్తైన దానిని తండ్రి అనీ, పొట్టిదానిని తల్లి అనీ అక్కడివారు పిలుస్తారు. దారి పొడవునా డ్రైవరు 2017 సెప్టెంబరులో వచ్చిన మరియా తుఫాను సంగతే చెప్పాడు. అతని ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. కొండల మీద ఒక్క ఆకు మిగలలేదు. దివిసీమ ఉప్పెనను పదహారేళ్ళ వయస్సులో దగ్గరనుంచి చూసిన ఇల్లాలికి ఆ మాటలు కూతురు అనువదించకముందే సగం అర్థమయ్యాయి. చివరికి ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ రాత్రి పిల్లల్ని ఎక్కడ దాచారటే?” స్నానాల గదిలో అని డ్రైవరు చెప్పాడు. ఆపైన అతడు బస్సులో ఎవరికి ఏది చూపినా ముందు ఆమె వైపు చూసి చెప్పసాగాడు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర కుమార్తెకు ఏమి తోచిందో, “అమ్మా, రేపు సెయింట్ లూసియా. నీకేం చూడాలని ఉంది?” అని అడిగింది.

ఆమె వెంటనే పలకలేదు. కొంతసేపటికి, “ఈ ఊళ్ళవాళ్ళు ఏం కొనుక్కుంటారో, ఏం వండుకుంటారో చూడాలని ఉందే. మూడు రోజుల నుంచి కొండలూ కోటలూ చూస్తున్నాం. మనుషులు ఎక్కడుంటారు?” అన్నారు.

మామగారు చెంచా కింద పెట్టారు. “ముందే చెప్పకూడదూ?”

“అడిగితేగా అండీ చెప్పడానికి.”

నిష్ఠూరం లేని మాట అది. అందుకే ఆయనకు మరింత గుచ్చుకున్నది. అల్లుడు కాగితాల కట్ట తిరగేశాడు. సెయింట్ లూసియా పట్టికలో వంటకు దగ్గరగా కనిపించింది చాకొలెట్ తయారీ ప్రదర్శన ఒక్కటే. సంతకు వెళ్ళడం అనే విహారం ఎక్కడా లేదు. అమ్మడానికి అందులో ఏమీ లేదు కనుక అది పట్టికకు ఎక్కలేదు.

మరునాడు కుటుంబం రెండుగా చీలింది. మామ, అల్లుడు సూఫ్రియేర్ వైపు బయలుదేరారు. అక్కడ 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పిటోన్ శిఖరాలు రెండు, గంధకపు ఊటలు చిమ్మే అగ్నిపర్వత బిలం ఉన్నాయి. ఓడవారి ధరలో సగానికే వస్తానన్న వ్యానువాణ్ణి అల్లుడు రేవు దగ్గర కుదుర్చుకున్నాడు. తల్లీ కూతుళ్ళు, మనుమడు కాస్ట్రీస్ పట్టణంలోకి నడిచారు. బయలుదేరేముందు మనుమడి నెత్తిన ఉన్న సైనికుల మచ్చల టోపీని ఓడలోనే వదిలివేయవలసివచ్చింది. సెయింట్ లూసియా, బార్బడోస్ వంటి కొన్ని దీవులలో అటువంటి దుస్తులు సైన్యానికి తప్ప ఇతరులకు నిషిద్ధం.

కాస్ట్రీస్ సంతలో ఆ ఇల్లాలికి నిఘంటువు అక్కరలేకపోయింది. కూర అరటికాయల గెలలు, చేమదుంపలు, పెండలాలు, సీమపనస కాయలు, కొబ్బరి, అల్లం, జాజికాయ, దాల్చినచెక్క. పచ్చి అరటికాయను అక్కడివారు అంజూరమని పిలుస్తారు. దానిని ఉప్పుచేపతో కలిపి వండేదే ఆ దేశపు జాతీయ వంటకం. ఒక బల్ల మీద సీసాలో గోధుమరంగు ఉండలు కనిపించాయి. పంచదార పొర్లించినవి. ఒకటి నోట వేసుకోగానే ఆమె ముఖం విప్పారింది. చింతపండు! చింతపండు పంచదారతో దంచి ఉండలు చుట్టడం కరిబియన్ దీవులంతటా పిల్లలెరిగిన మిఠాయి. అమ్మే ముసలమ్మ నవ్వి మరొకటి ఊరకే ఇచ్చింది. చింతపండును ఉడకబెట్టి తాము అన్నంలో కలుపుకుంటామని కూతురి చేత చెప్పించగా, ఆ ముసలమ్మ నమ్మలేనట్టు తల ఊపింది.

మరొక చోట రొట్టెలు కాలుస్తున్నారు. పలుచని రొట్టెలో బంగాళాదుంప, శనగల కూర పెట్టి మడత వేసి ఇస్తున్నారు. బోర్డు మీద ‘రోటీ’ అనే ఉన్నది. “మా దేశపు రొట్టె మీకెలా వచ్చిందో అడుగు,” అన్నారామె. అడిగితే దుకాణం మనిషి ఆశ్చర్యపోయింది. “ఇది మాదే. మా అమ్మమ్మ చేసేది,” అన్నది.

ఆ సమాధానంలో నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్నది. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, ఒప్పందపు కూలీలను భారతదేశం నుంచి తరలించారు. 1845 మే నెలలో ‘ఫతేల్ రజాక్’ ట్రినిడాడ్‌కు, ‘బ్లండెల్ హంటర్’ జమైకాకు మొదటి బృందాలను చేర్చాయి. సెయింట్ లూసియాకు 1859లో వచ్చారు. ఓడలలో అధిక భాగం కలకత్తా నుంచి బయలుదేరినవి. మద్రాసు నుంచి ట్రినిడాడ్‌కు, గయానాకు, జమైకాకు వెళ్ళిన ఓడలలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. కొన్ని తరాలకు వారి భాషలు దాదాపు అణగిపోయాయి. వంటింటి మాటలు నిలిచాయి. రొట్టె ఇరుగుపొరుగులకు చేరి అందరిదీ అయింది.

ఊరి నడుమనున్న తోటకు ఒకప్పుడు కొలంబస్ పేరుండేది. 1992లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న ఈ దీవి కవి డెరెక్ వాల్కాట్ పేరును 1993లో పెట్టారు. అర్థశాస్త్రంలో 1979లో ఆ బహుమతి అందుకున్న ఆర్థర్ లూయిస్ కూడా ఈ చిన్న దీవి బిడ్డే. వాల్కాట్ తన నోబెల్ ఉపన్యాసాన్ని ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో ఆడే రామలీలతో ప్రారంభించాడు. తాను దానిని నాటకమనుకొని చూశానని, విల్లంబులు పట్టిన ఆ పిల్లలు నటులు కారని, నమ్మినవారని తరువాత గ్రహించానని అందులో ఒప్పుకున్నాడు. దీవిలోనే పుట్టి పెరిగిన కవికే ఆ పొరపాటు జరిగింది. ఎనిమిది గంటల అతిథికి జరగడంలో వింత లేదు. ఊరివారి బతుకు తన కోసం ఏర్పాటైన ప్రదర్శన అనుకోవడమే ఆ పొరపాటు. పక్కనున్న ఆంటిగ్వాలో పుట్టిన రచయిత్రి జమైకా కిన్‌కెయిడ్ 1988లో ఈ సంగతి మీదనే ‘ఎ స్మాల్ ప్లేస్’ అనే చిన్న పుస్తకం రాసింది. యాత్రికుడికి కనిపించని ఊరివారి కోపం అందులో పేజీ పేజీకీ కనిపిస్తుంది.

ఆ తోటలో ఒక మహావృక్షం నీడన తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. ఆమె తలెత్తి చూసి, “ఇది నిద్రగన్నేరు కదే! నాన్నగారి బడి ముందు ఉండేది,” అన్నారు. నిజమే. ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలమే. అక్కడినుంచి భారతదేశపు బాటల పక్కకు చేరింది. మామిడి అటు వెళ్ళింది, నిద్రగన్నేరు ఇటు వచ్చింది.

నాలుగున్నరకు అందరూ ఓడలో ఉండాలి. నాలుగు దాటినా మామ, అల్లుడు రాలేదు. ఫోను పలకలేదు. నాలుగుంపావుకు లౌడుస్పీకరులో వారి గది నంబరు వినిపించింది. పై అంతస్తు కటకటాల దగ్గర యాత్రికులు గుమిగూడారు. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవారిని చూసి చప్పట్లు కొట్టడం అటువంటి ఓడలలో సాయంకాలపు వినోదం. ఆమె మనుమడి చేయి పట్టుకొని రేవు మలుపు వంకే చూస్తూ నిలుచున్నారు. ఓడ వదిలి వెళితే ఆయన మందులు ఈ గదిలో ఉన్నాయి. రక్తపోటు బిళ్ళ ఆరు గంటలకు.

నాలుగు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు మలుపులో వ్యాను ఆగింది. అల్లుడు ముందు, మోకాలు పట్టుకొని కుంటుతూ మామగారు వెనుక. పైనుంచి చప్పట్లు, ఈలలు. ఆయన జీవితమంతా బడి గంట మోగే ముందే తరగతి గదిలో నిలుచున్న మనిషి. తల ఎత్తకుండా వంతెన దాటారు.

గదిలో ఆమె మంచినీళ్ళు, బిళ్ళ అందించారు. ఆయన బట్టలనుంచి గంధకపు వాసన. “కొండ మలుపులో లారీ అడ్డంగా ఆగిపోయింది. నాలుగు గంటలకు పైగా వ్యానులో కూర్చున్నాం. ఆ ఊటల దగ్గర గట్టిగా ముప్పావు గంట ఉన్నామో లేదో,” అన్నారు. కాసేపాగి, “ఆ శిఖరాలు మాత్రం చూడవలసినవే. నువ్వుంటే బాగుండేది,” అన్నారు. ఆమె ఒక చింతపండు ఉండ ఆయన చేతిలో పెట్టారు.

ఆ రోజు నేర్పిన పాఠం సులువైనదే. దూరం పోవాలంటే, కొండదారి దాటాలంటే, ధర ఎక్కువైనా ఓడవారితో పోవడం మేలు. నడిచిపోయేంత దగ్గరైతే సొంత కాళ్ళే మేలు. తిరుగు ప్రయాణానికి లెక్కకట్టిన కాలం మీద మరొక గంట కలుపుకోవాలి. ఒక దీవికి ఒక్కటే చాలు. మిగిలినది మిగిలిందని మనసుకు చెప్పుకోవాలి. ఇవి పుస్తకాలలో దొరికే సూత్రాలు. ఇంటిల్లిపాదిలో ఎవరికి ఏమి కావాలో కలం తీయకముందే అడగాలన్నది ఏ పుస్తకంలోనూ రాయరు.

ఐదవ దీవి బార్బడోస్. పిల్లలు ముగ్గురూ తాబేళ్ళను చూసే పడవ యాత్రకు వెళ్ళారు. దంపతుల పేరిట ఏదీ ఖాయం కాలేదు. “ఇవాళ నువ్వే చెప్పు,” అన్నారాయన.

ఆమె తడుముకోలేదు. “ఇక్కడేదో క్రికెట్ మైదానం ఉందిటగా. మీ నోటుపుస్తకంలో ఉన్న ఊరు ఇదేనా?”

ఆయన నిలబడిపోయారు. 1971లో భారత జట్టు తొలిసారి వెస్టిండీస్‌పై టెస్టు గెలిచింది, తొలిసారి ఆ గడ్డపై సిరీస్ గెలిచింది. ఆనాడు పదహారేళ్ళ కుర్రవాడిగా గ్రంథాలయంలో పత్రికలు చూసి ప్రతి స్కోరూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు. తొలి సిరీస్ ఆడుతున్న గవాస్కర్ నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు. అందులో బ్రిడ్జ్‌టౌన్‌లో అజేయంగా చేసిన 117 ఒకటి. ఆ నోటుపుస్తకం ఇనుప పెట్టె అడుగున ఉన్నదని, ఏటా బట్టలు ఎండవేసేటప్పుడు ఆమె దానినీ దులిపి పెడుతున్నారని ఆయనకు తెలియదు.

కెన్సింగ్టన్ ఓవల్ రేవుకు దగ్గరే. టాక్సీలో కొద్ది నిమిషాలు. ముంగిట గార్‌ఫీల్డ్ సోబర్స్ విగ్రహం. 2024 జూన్ 29న భారత జట్టు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచ కప్పు అందుకున్నది ఈ మైదానంలోనే. ఆయన ఆమెకు చెప్పింది ఆ గెలుపు గురించి కాదు. 1962 మార్చిలో ఇక్కడే భారత కెప్టెన్ నారీ కంట్రాక్టర్ తలకు గ్రిఫిత్ వేసిన బంతి తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం మీదికి వచ్చింది. రక్తం ఇచ్చినవారిలో ప్రత్యర్థి జట్టు కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ ఉన్నాడు. కంట్రాక్టర్ బతికాడు. వోరెల్ మాత్రం 1967లో, 42 ఏళ్ళకే రక్త క్యాన్సర్‌తో మరణించాడు. అతని పేరిట ఫిబ్రవరి 3న బెంగాల్ క్రికెట్ సంఘం రక్తదాన శిబిరాలు జరుపుతున్నది. విగ్రహం నీడలో నిలబడి ఆయన తరగతిలో పాఠం చెప్పినంత శ్రద్ధగా చెప్పారు. ఆమె విన్నారు. పట్టికలో ఈ యాత్ర ఏ పేజీలోనూ లేదు. టాక్సీ తప్ప మరి ఖర్చూ లేదు.

“ఇప్పుడు నీకేం కావాలి?” అని అడిగారాయన.

“ఇన్ని రోజులూ నీళ్ళమీదే ఉన్నాం. ఒక్కసారీ అందులో కాలు పెట్టలేదు.”

కార్లైల్ అఖాతం ఒడ్డున ఇసుక తెల్లగా, నీరు నిమ్మళంగా ఉంటాయి. ఆమె చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి పట్టుకొని చీలమండలు మునిగేదాకా వెళ్ళి నిలుచున్నారు. మోకాలి నొప్పి మరచి ఆయనా పక్కన నిలిచారు. చెప్పులు ఒడ్డున పక్కపక్కన ఉన్నాయి. గడియారం చూసుకోవలసిన పని లేదు. ఓడ బయలుదేరడానికి ఇంకా మూడు గంటలున్నది.

మరునాడంతా సముద్రం మీదే. అల్లుడు ఖర్చుల లెక్క తేల్చాడు. సంత రోజు ఖర్చు పది డాలర్లకు లోపే ఉండడం చూసి మళ్ళీ కూడాడు. సామాను సర్దుతూ కుమార్తె ఆ కాగితాల కట్టను చెత్తబుట్టలో వేయబోయింది. “ఉండవే,” అని తల్లి అందులోంచి ఒక కాగితం లాగి, మిగిలిన చింతపండు ఉండలు నాలుగూ పొట్లం కట్టారు. అది మరిగే సరస్సు ఉన్న పేజీ.